మందని చెప్పి పంచిన ప్రాణాలు

అబద్ధాలాడటం నాకు బొత్తిగా చేతకాదు. ఇంట్లో ఆడితే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే పట్టేస్తాడు. అలాంటిదాన్ని, వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసి, ఇక మూడేళ్ళలో దండ వేసి ఇంటికి పంపిస్తారనగా ఒకే ఒక్క అబద్ధం ఆడాను. నలభై మంది రైతుల ముందు, మైకు పట్టుకుని మరీ ఆడాను. అందరూ నమ్మారు. నా ఉద్యోగంలో నేను చెప్పింది అంతమంది ఒక్కసారిగా నమ్మడం అదే మొదలు, అదే ఆఖరు.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు చోడవరంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మేడమ్, రైతులు మేం చెప్పింది వినడం లేదు" అని మొర పెట్టుకుంటారు. వాళ్ళకి నేను ఈ సంగతే చెబుతాను. పెద్దవాళ్ళ గొప్పలంటే పిల్లలకి ఆవలింతలు వస్తాయి గాని, పెద్దవాళ్ళ పరువు పోయిన కథలంటే చెవులు రిక్కించి వింటారు. మీరూ వినండి.

నేను వ్యవసాయ విస్తరణాధికారిని. పేరు పెద్దదే గాని పని చిన్నది: స్కూటరేసుకుని ఊళ్ళు తిరగడం, ఆఫీసులో చెప్పింది పొలంలో చెప్పడం, పొలంలో తిట్టింది ఆఫీసులో మింగడం. అప్పటికి మాది ఇంకా విశాఖపట్నం జిల్లాయే. నాకు అప్పగించిన ఊళ్ళలో బుచ్చయ్యపేట వైపు ఒకటుంది. చెరకూ, వరీ పండిస్తారు. చలికాలం వస్తే ఊరి చుట్టూ గానుగ పాకల్లో పొయ్యిలు మండుతుంటాయి, బెల్లం వాసన రోడ్డు మీదకి వచ్చి మరీ బండి ఆపుతుంది.

ఆ ఊరిని రెండేళ్ళుగా ఎర్రకుళ్ళు తెగులు పట్టింది. పైకి చెరకు బాగానే కనిపిస్తుంది. వానాకాలంలో ఆకు పసుపుపచ్చగా తిరుగుతుంది. గడని నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లటి మచ్చలతో, పులిసిన కల్లు వాసన వేస్తుంది. ఇక ఆ మడి మీద ఆశ వదులుకోవడమే.

దానికి విరుగుడుగా ఆ ఏడు మాకు కొన్ని ప్యాకెట్లు వచ్చాయి. అందులో ఉన్నది మేలు చేసే ఒక బూజు. బూడిదరంగు పొడిలో, కంటికి కనపడకుండా, నిద్రపోతూ ఉంటుంది. మాగిన గత్తంలో, అంటే పశువుల ఎరువులో, కలిపి నీడన తడిగా ఉంచితే నిద్రలేచి పెరుగుతుంది. ఆ గత్తాన్ని చాళ్ళలో వేసి చెరకు ముచ్చెలు, అంటే విత్తనపు గడ ముక్కలు, నాటితే, తెగులు తెచ్చే చెడ్డ బూజుకి కాలు పెట్టడానికి చోటుండదు. ప్యాకెట్టు మీద ‘సూక్ష్మజీవులు’ అని అరంగుళం అక్షరాలతో రాసి ఉంది. అదే మా కొంప ముంచింది.

ఎందుకంటే అది కరోనా మొదటి గోల తగ్గి, రెండో గోల ఇంకా మొదలవని నడి నెలల కాలం. అంతకుముందు సూక్ష్మజీవి అన్నది బడిపిల్లల మాట. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఒక్క ఏడాదిలో ఆ మాట ఆటో మైకెక్కి సందుసందూ తిరిగి, మనుషులు ఇంట్లో కూర్చుని వినే మాట అయిపోయింది. మా ఆఫీసు అటెండరు అట్టపెట్టెల మీద రాసింది చదివి, వాటిని గుమ్మం లోపలికి తేనన్నాడు.

"మేడమ్, నాకు బీపీ ఉంది, సుగరుంది. ఈ జీవుల పెట్టి నాను ముట్టను" అన్నాడు.

"ఇవి మంచి జీవులయ్యా బాబూ!"

"మంచియో సెడ్డయో మనకెలగ తెలుస్తాది మేడమ్? కంటికి కనపడవని మీరే అంటన్నారు."

పెట్టెలు నేనే మోసుకుని లోపల పెట్టాను.

మా ఆఫీసరు కాలేజీలోంచి అప్పుడే వచ్చిన కుర్రాడు. నా పెద్ద కొడుకు కంటే రెండేళ్ళు చిన్న. మంచివాడే గాని తెలుగు రాయమంటే గ్రాంథికం పూనేది. ప్యాకెట్టుతో పాటు ఇవ్వమని ఒక కరపత్రం రాసిచ్చాడు. అందులో మొదటి వాక్యం, ‘శిలీంద్ర ప్రతిరోధక సూక్ష్మజీవ ఉత్పాదకమును ఛాయయందు నిల్వ చేయవలెను’. "సార్, దీన్ని రైతులు చదవరు, దండం పెడతారు" అన్నాను. ఆయన నవ్వాడు గాని మార్చలేదు.

ఊళ్ళో బడి ఆవరణలో కుర్చీలు దూరం దూరంగా వేసి మీటింగు పెట్టాం. నేను మైకు తీసుకుని, "ఈ సూక్ష్మజీవులు..." అన్నానో లేదో, కుర్చీలు ఇంకొంచెం దూరం జరిగాయి. ముందు వరసలో ఒక ముసలామె ముక్కు మీద కొంగు బిగించి లేచింది.

"ఏటమ్మా, ఊరి మీద ఉన్న పురుగు సాలక, సంచిలో ఏసుకుని ఇంకా తెచ్చేవేటి?" అంది.

ఆమె పక్కన ఆమె కోడలు కూర్చుంది. ఆ కోడలి గురించి మీకు చెప్పాలి, ఈ కథంతా ఆమెదే. ముప్పై దాటిన మనిషి. ఎకరంన్నర చెరకు. ఎర్రకుళ్ళుతో రెండేళ్ళు వరసగా పంట పోయింది. ఆమె భర్త విసిగిపోయి, పొలంలో ఎవరూ చూసుకోనక్కర్లేని సరుగుడు మొక్కలు పాతేసి, పిల్లల్నీ తల్లినీ తీసుకుని గాజువాక వెళ్ళిపోదాం, ఏదో కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఉంది అన్నాడు. ఈమెకి పొలం వదలడం ఇష్టం లేదు. మొగుడితో దెబ్బలాడి, ఒక్క ఏడు గడువు తీసుకుంది. ఆ ఏడు చెరకు నిలబడితే ఉండటం, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడం. అదీ ఒప్పందం. మీటింగుకి ముందు నాకు తనే చెప్పింది, "ఇదే నాకు ఆకరి ఏడు మేడమ్, కాస్త సూసి మంచిది సెప్పండి" అని.

అత్తగారి మాటకి సగం మంది లేచి నిలబడ్డారు. పెట్టెలు వెనక్కి పట్టుకెళితే మా ఆఫీసరుకి చివాట్లు, నాకు ఆయన చేత గ్రాంథికంలో మెమో. మధ్యాహ్నం ఒంటిగంట. ఆకలేస్తోంది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మైకులో అనేశాను:

"సూక్ష్మజీవీ లేదు, గీవీ లేదు! ఇది మందు. మీరు రోజూ వాడే మందుల్లాంటిదే. భయపడకండి."

అంతే. లేచినవాళ్ళు కూర్చున్నారు. "మందా! మరలగ సెప్పరేటి ముందే" అన్నాడొకాయన. అరగంటలో పెట్టెలు ఖాళీ. పంచేముందు, ఎందుకైనా మంచిదని బడిలోంచి నల్ల మార్కరు తెప్పించి, ప్రతి ప్యాకెట్టు మీదా ‘సూక్ష్మజీవులు’ అన్న మాట కనపడకుండా గీత కొట్టించాను కూడా. గత్తంలో కలపాలని చెప్పాను. నీడన ఉంచాలనీ చెప్పాను. కానీ మందు అన్న మాట విన్నాక జనం ఇక మిగతాది వినలేదు. మందు వాడటం వాళ్ళకి నేను నేర్పాలా? ఇంటికి వస్తూ నా తెలివికి నేనే మురిసిపోయాను. దారిలో ఆగి బెల్లం కూడా కొనుక్కున్నాను.

వానలు పడ్డాయి. శ్రావణం వెళ్ళాక ఒకరోజు ఆ ఊరు వెళ్ళాను. కోడలు పొలం గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ఒక గడ నరికి, కత్తితో నిలువునా చీల్చి నా చేతిలో పెట్టింది. ఎర్రగా ఉంది. వాసన ముక్కుకి కొట్టింది.

"మీ మందు పని సెయ్యలేదు మేడమ్" అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. "ఎలా వేశావో చెప్పు" అన్నాను. చెప్పింది. ముచ్చెల్ని నాటేముందు బూజు మందు నీళ్ళలో ముంచడం అక్కడి వాడుక. గత్తంలో కలపడం ఒక పని, ముంచడం ఇంకో పని, రెండు పనులెందుకని ఆ బూజు మందూ, నేనిచ్చిన పొడీ ఒకే డ్రమ్ములో కలిపేసి ముచ్చెల్ని ముంచిందట. బూజుని చంపే మందులో నా బూజుని కలిపింది! మిగిలిన ప్యాకెట్లు ఏవని అడిగితే గానుగ పాకకి తీసుకెళ్ళింది. బెల్లం వండే పొయ్యికి సరిగ్గా పైన కర్రల అటక. దాని మీద యూరియా మూట, దాని పక్కన నా ప్యాకెట్లు వరసగా, భద్రంగా. చలికాలమంతా కింద మంట, పైన ఇవి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బుద్ధుందా నీకు? పొయ్యి మీద పెడతారా ఎవరైనా? చంపేశావు కదా అన్నిటినీ! నీడన పెట్టమన్నానా లేదా?" అని ఊరు వినేలా అరిచాను.

ఆమె బెదరలేదు. వింతగా చూసింది.

"పాకలో నీడే గదేటి మేడమ్. సెమ్మ తగిల్తే మందు గడ్డ కట్టీద్దని అక్కడెట్టేను. మా మందులన్నీ అక్కడే ఎడతాం. మీరు మందే అన్నారు గదా?"

పిల్లలూ, ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఒక ఎమ్మార్వో ఫైలు మొహాన విసిరేశాడు. కానీ ఈ ఒక్క మాటకి నిలబడిపోయినట్టు ఎప్పుడూ నిలబడిపోలేదు. ప్రాణం ఉన్నదని చెబితే ఆమె దాన్ని పొయ్యి మీద పెడుతుందా? పెయ్యదూడని పెడుతుందా? కోడిపెట్టని పొదగేయడానికి చోటు చూసే మనిషి, ఎండ ఎటు వస్తుందో, పిల్లి ఎటు వస్తుందో చూసి మరీ బుట్ట పెడుతుంది. నేను ఆ ప్రాణాన్ని మాటల్లోనే చంపేసి, శవాన్ని ఆమె చేతికిచ్చాను. ఆమె శవాన్ని శవంలాగే భద్రపరిచింది.

మిగతా ఇళ్ళు కూడా తిరిగాను. ఒకరు డ్రమ్ములో కలిపారు. ఒకరు ప్యాకెట్టుకి రెండు వేస్తే గట్టిగా పనిచేస్తుందని ఎండిన నేల మీద చల్లారు. ఒకాయన టేకు బీరువాలో దాచి తాళం వేశాడు, దొంగలెత్తుకుపోతారని. నీడన, తడి గత్తంలో పెంచినవాడు ఒక్కడూ లేడు.

బయలుదేరుతుంటే కోడలు స్కూటరు దాకా వచ్చింది. "కోతవ్వగానే ఎల్లిపోతాం మేడమ్. సరుగుడు మొక్కలకి కూడా సెప్పీసేడు ఆయన" అంది. తర్వాత కాసేపు నా హెడ్‌లైటు తుడుస్తున్నట్టు చేత్తో రుద్ది, "నాను ఒక్క ఏడు అడిగేను. ఆ ఏడు మీరు తీసీసుకున్నారు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని. ఆ రోజు ఇంట్లో అన్నం సయించలేదు. మా ఆయన "ఏమైంది?" అంటే ఏమీ లేదన్నాను. "అబద్ధం" అన్నాడు పేపరు చూస్తూనే.

ఆఫీసులో మా కుర్ర ఆఫీసరు రిపోర్టు రాస్తున్నాడు. ‘రైతులయందు గల అవగాహనా లోపము వలన’ అని మొదలెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని, "సార్, అది కొట్టేయండి. లోపం నాది" అని జరిగిందంతా చెప్పాను, మార్కరు గీతతో సహా. ఆయన కలం మూత పెట్టి నా వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను.

"మేడమ్, నా కరపత్రం మాత్రం ఎవరు చదివారు? అందులో నిజమే రాశాను, ఒక్కళ్ళకీ అర్థం కాకుండా. మీరు అర్థమయ్యేలా చెప్పారు, నిజం తీసేసి. మనిద్దరం కలిసినా ఒక మనిషి పని అవలేదు" అన్నాడు.

ఆ పూటతో ఆయన మీద నా అభిప్రాయం మారిపోయింది. ఆయనే ఉపాయం కూడా చెప్పాడు. ఉడికించిన అన్నం మీద ఆ పొడి చల్లి, గుడ్డ కట్టి వదిలేస్తే, పొడిలో ప్రాణం ఉంటే నాలుగైదు రోజుల్లో ఆకుపచ్చగా మొలుస్తుందట. "కంటికి కనపడదనే కదా భయం? కనపడేలా చేద్దాం" అన్నాడు.

కోతలు మొదలవకముందే ఆ ఊరు వెళ్ళాం. కోడలి భర్త ముందు ఒప్పుకోలేదు. "ఇంకా ఏటి సూపిస్తారు మేడమ్? సూసిందే సాలు" అన్నాడు. కోడలు మాత్రం లోపలికెళ్ళి మూడు స్టీలు గ్లాసులు, వేడి అన్నం తెచ్చింది. ఒక గ్లాసులో పొయ్యి మీద అటక నుంచి తీసిన ప్యాకెట్టు పొడి. రెండో దాంట్లో కొత్త పొడి, దాంతో పాటు రెండు చుక్కల బూజు మందు నీళ్ళు. మూడో దాంట్లో ఒట్టి కొత్త పొడి. అన్నం చల్లారాక చల్లి, మూతికి ఉతికిన గుడ్డలు కట్టాం. ఎవరూ విప్పకుండా మా ఆఫీసరు కాగితం అంటించి సంతకం కూడా పెట్టాడు, బ్యాలెట్ పెట్టెకి పెట్టినట్టు. వాటిని ఇంటి వెనక చల్లటి మూల పెట్టి అత్తగారికి అప్పగించాం. ఆమె ముక్కు మీద కొంగు తియ్యకుండానే ఒప్పుకుంది.

అయిదు రోజులూ నాకు నిద్ర పట్టిందంటే ఒట్టు. పొయ్యి మీది పొడి మొలవదని నాకు తెలుసు. అసలు భయం మూడో గ్లాసు గురించి. ఆ కొత్త ప్యాకెట్లు మా దగ్గరికి రాకముందు ఏ లారీ టాపు మీద, ఏ ఎండలో మాడాయో ఎవరికి తెలుసు? అది కూడా మొలవకపోతే నేను ఆ ఊళ్ళో మళ్ళీ నోరెత్తలేను. ఆ ఇంటివాళ్ళు బండెక్కేస్తారు.

అయిదో రోజు వాళ్ళ గానుగ పాక ముందు ఊళ్ళో సగం మంది చేరారు. మూడు గ్లాసులూ ఒక బల్ల మీద పెట్టి, విప్పమని కోడలి భర్తకే ఇచ్చాను. మొదటిది విప్పాడు. అన్నం జిగురుగా, పాచి వాసన. పచ్చదనం లేదు. రెండోది విప్పాడు. మెతుకులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడోదాని గుడ్డ ముడి గట్టిగా పడింది. అది విప్పేలోపు నేను ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో నాకే లెక్క లేదు.

గుడ్డ తీసి, ఆయన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వంచి అందరికీ చూపించాడు. అన్నం మీద అంగుళం మేర పెసరపచ్చ రంగులో మెత్తగా పరుచుకుని ఉంది.

"ఓలమ్మో! మెతుకుల మీద నారు పోసినట్టుందే!" అంది అత్తగారు. ఆ గాభరాలో ముక్కు మీది కొంగు జారిపోయింది. మళ్ళీ సర్దుకుని, "అయితే ఇది పురుగేగదేటి?" అంది.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. మైకు లేదు. అందరికీ వినపడేలా చెప్పాను.

"ఇది సూక్ష్మజీవే. పోయినేడు మందని చెప్పాను. అది అబద్ధం. మీరు భయపడుతున్నారని, నా పని తెమలడం లేదని అబద్ధం చెప్పాను. అందుకే మీరు పొయ్యి మీద పెట్టారు, డ్రమ్ములో కలిపారు. తప్పు మీది కాదు. సూక్ష్మజీవి అంటే కంటికి ఆననంత చిన్న ప్రాణి, అంతే. మనిషి అన్నట్టే అదీను. మనిషి అనగానే దొంగ అనుకుంటామా? దొంగలూ ఉంటారు, మన గడ్డివాము అంటుకుంటే పరిగెత్తుకొచ్చే వాళ్ళూ ఉంటారు. కరోనా తెచ్చింది ఒకటి. చెరకు కుళ్ళబెట్టేది ఒకటి. దాన్ని తరిమేది ఇది."

అత్తగారు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు తల పంకించింది.

"మా తరవాణి కుండలో గంజి పులుస్తాది. అదీ ఇలాటి జీవేనేటి?"

"అదీ ఇలాంటి జీవుల పనేనమ్మా."

"మరైతే నాను కాపరానికొచ్చిన్నాటి నుండీ పెంచుతన్నాను గదే! ఆ కుండ ఎండలో ఎడతానేటి? పొయ్యి మీద ఎడతానేటి? ఒలే కోడలా, ఆ పేకెట్లు నాకిచ్చీ. నీకు సేతకాదు" అంది. పాకంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

కోడలి భర్త నవ్వలేదు. "అంటే పోయినేడు మేడమ్ గారు మాకు అబద్ధం సెప్పేరన్న మాట" అన్నాడు.

"అవును బాబూ."

"ఈ ఏడు సెప్పింది నిజమని నమ్మకమేటి?"

"నన్ను నమ్మొద్దు. వచ్చే ప్యాకెట్లు కూడా ఇలాగే అన్నం మీద వేసి చూడండి. మొలిస్తేనే పొలంలో వేయండి. మొలవకపోతే తెచ్చి నా టేబులు మీద పారేయండి."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. బతిమాలనూ లేదు. ఆయన, "నాను ఉజ్జోగానికి ఎల్తాను. మాటిచ్చీసేను. నువ్వూ అమ్మా పిల్లలూ ఉండండి. సరుగుడు వొద్దని సెప్తాను. వొచ్చే ఏడు కోతకొస్తాను. అప్పుడూ ఎర్రగానే ఉంటే మారు మాటాడకుండా బండెక్కాల" అన్నాడు.

"ఎక్కుతాను" అంది ఆమె.

అంతకంటే మంచి తీర్పు నేనూ ఆశించలేదు. ఈసారి ముచ్చెలు తెగులు లేని తోట నుంచి తెప్పించాం. ప్యాకెట్ల మీద గీత కొట్టించలేదు. మా ఆఫీసరు కొత్త కరపత్రం రాశాడు: ‘ఇందులో ప్రాణం ఉంది. ఎండ తగిలితే చస్తుంది. బూజు మందు తగిలితే చస్తుంది. తడి గత్తంలో, నీడలో పెంచండి.’ రాసి నాకు చూపించి, "ఇంత చిన్నదైతే పై ఆఫీసరు ఊరుకుంటారా?" అని భయపడ్డాడు. ఊరుకున్నారు.

గత్తం పోగు అత్తగారి అధీనంలోకి వెళ్ళిపోయింది. పాక వెనక నీడన పోగు పోయించి, గోనె సంచులు కప్పించి, పూటపూటా చెంబుతో నీళ్ళు చిలకరించింది. కోళ్ళు కెలికేస్తాయని చుట్టూ కంప నాటించింది. వారం దాటాక ఒక ఉదయం, నేను పళ్ళు తోముకుంటుండగా కోడలి ఫోన్ నుంచి ఆమె గొంతు: "మేడమ్! పుట్టేయి! గోనె ఎత్తి సూసేను, పచ్చగా పుట్టేయి!" మనవడు పుట్టినా అంత గట్టిగా అరుస్తారో లేదో. మా ఆయన ఎవరికి కాన్పయిందని అడిగాడు.

ఆ వానాకాలం నేను వారానికోసారి ఆ పొలం వెళ్ళాను. ఆఫీసు పని ఉన్నా వెళ్ళాను, లేకపోయినా వెళ్ళాను. కాలవ పక్కన నాలుగు దుబ్బుల్లో ఆకు తిరిగింది. వాటిని వేళ్ళతో సహా పెరికించి తగలబెట్టించాం. తెగులు మొత్తం మాయమైందని మీకు చెప్పను. ఇంకో అబద్ధం నావల్ల కాదు.

కోతరోజు నేను వెళ్ళేసరికి కోడలి భర్త గాజువాక నుంచి వచ్చేసి ఉన్నాడు. కాపలా ఉద్యోగం బట్టలతోనే వచ్చాడు, భుజం మీద ఆ కంపెనీ బిళ్ళ ఇంకా ఉంది. కోత మొదలెట్టకుండా కత్తి పట్టుకుని పొలంలోకి దిగి, ఒక గడ నరికి నిలువునా చీల్చాడు. లోపల తెల్లగా ఉంది. నాలుగడుగులు వేసి ఇంకోటి చీల్చాడు. తెల్లగా ఉంది. పొలం ఆ చివరికెళ్ళి చీల్చాడు, మధ్యలో చీల్చాడు, గట్టు పక్కన చీల్చాడు. భార్య వెనకాలే నడుస్తోంది.

"తోటంతా సీల్చీస్తావేటి? బెల్లానికేటైనా ఉంచు" అంది.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి, పిప్పి ఉమ్మేసి, గట్టెక్కి ఫోను తీశాడు. నా పక్కనే నిలబడి మాట్లాడాడు కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"సార్, దండాలు. నానండి. రేపటి నుండి నాను రాను సార్. ఇంకెవరినైనా సూసుకోండి... జొరం కాదు సార్, బాగున్నాను... ఇంటికాడ సెరుకుంది సార్."

నేను ఆ గట్టు మీదే కూలబడి, చెంగుతో మొహం కప్పుకుని ఏడ్చాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో సంతోషంతో ఏడవడం అదొక్కసారే.

పొలంలోంచి కోడలి గొంతు వినిపించింది, మొగుడి మీద కేకలేస్తూ: "ఆ పోను జేబులో ఎట్టీసి, ఆ కంపినీ సొక్కా ఇప్పీసి రా, మోపెత్తాల!"